ఇంటీరియర్ డిజైనర్ కావాలా, మన వడ్రంగి ఆచారి చాలా? గోడ కొట్టకముందే తేల్చుకోండి

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇల్లు కట్టుకునే చాలామందికి ఇంటీరియర్ డిజైనర్ సంగతి గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నాక గుర్తొస్తుంది. అప్పటికి కరెంటు పైపులు గోడలో పూడిపోయి, ప్లాస్టరింగ్ ఆరి, బండలు పరిచేసి ఉంటాయి. ఆ దశలో వచ్చిన డిజైనర్‌కు మిగిలే పని రంగులు, లామినేట్ షీట్లు, సీలింగ్ లైట్లు ఎంచడమే. డిజైనర్ ఫీజుకు అసలు విలువ వచ్చేది గోడలోకి, నేలలోకి పోయే పనుల దగ్గర. ప్లగ్గు ఎక్కడ, సింకు పైపు ఎక్కడ, ఏసీ నీళ్లు ఎటు పోవాలి, మంచం వేస్తే తలుపు ఎంత తెరుచుకుంటుంది అన్నవి ముందే కాగితం మీదికి రావాలి. అందుకే ఇల్లు ఎంత పెద్దది, చేతిలో ఎంత డబ్బుంది అన్నవాటికన్నా ముందు ఇల్లు ఏ దశలో ఉందో చూడండి.

గోడలు లేచి, ఎలక్ట్రీషియన్ ఇంకా గాడి కొట్టకపోతే డిజైనర్ గురించి ఆలోచించడానికి ఇదే సరైన వేళ. ప్లాస్టరింగ్ అయిపోయి ఉంటే వంటగదికీ బీరువాలకీ డ్రాయింగులు మాత్రం గీయించుకోండి, మొత్తం పని అప్పగించనక్కర్లేదు. అన్ని పాయింట్లూ బిల్డరే ఇచ్చేసిన అపార్ట్‌మెంట్ ఫ్లాట్ అయితే మంచి వడ్రంగి, మీ కొలతల పుస్తకం సాధారణంగా సరిపోతాయి.

ముగ్గుపిండితో ఒక పూట

డిజైనర్ దగ్గరికి వెళ్లే ముందు ఈ పరీక్ష మీరే చేయండి. టేపు, ముగ్గుపిండి, రంగు సుద్దముక్కలు తీసుకుని ఇంట్లో అందరూ ఒక మధ్యాహ్నం సైటుకు వెళ్లండి. వంట చేసేవాళ్లు తప్పకుండా ఉండాలి.

ప్రతి గదిలో సామాను అసలు సైజులో నేల మీద గీయండి. డబుల్ కాట్ 6 అడుగులకు 6½ అడుగులు, బీరువా లోతు 2 అడుగులు, ఆ బీరువా ముందు నిలబడి తలుపు తెరవడానికి 3 అడుగులు. సోఫా లోతు 3 అడుగులు. డైనింగ్ టేబుల్ చుట్టూ కుర్చీ వెనక్కి లాగడానికి 2½ అడుగులు. గది తలుపు తిరిగే అర్ధచంద్రం కూడా గీయండి. 10 అడుగుల గదిలో మంచానికి ఎదురుగా బీరువా పెడితే, మంచం పొడవు 6½, బీరువా లోతు 2 పోగా మిగిలేది 1½ అడుగు. బీరువా తలుపు తెరిచి ముందు నిలబడటానికి చోటుండదు. ఇలాంటి తప్పు నేల మీద ముగ్గులో ఇట్టే కనబడుతుంది, ఇంజినీరు ఇచ్చిన ప్లానులో కనబడదు.

తర్వాత గోడల మీద సుద్దతో పాయింట్లు గుర్తు పెట్టండి. మంచం పక్క స్విచ్చు 2 అడుగుల ఎత్తున, తలుపు పక్క బోర్డు 4 నుంచి 4½ అడుగులు, వంట బండ మీద వాడే ప్లగ్గులు నేల నుంచి 3½ అడుగులు, ఏసీ పాయింటు 7 నుంచి 7½ అడుగులు. వాటర్ ప్యూరిఫైయర్, గ్రైండర్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్, గీజర్ ఇవన్నీ ఎక్కడికి వస్తాయో పేరు రాయండి. ఏసీకి, గీజర్‌కి 4 చదరపు మి.మీ. వైరు, మామూలు పవర్ ప్లగ్గులకు 2.5, లైట్లకు 1.5 వేయించడం మామూలు లెక్క. ఈ ఎత్తులన్నీ బండలు పరిచాక వచ్చే నేల నుంచి లెక్క, అందుకని మేస్త్రీ నీళ్ల ట్యూబుతో కొట్టిన లెవెల్ గీత ఆధారంగానే కొలవాలి. పచ్చి కాంక్రీటు నేల నుంచి కొలిస్తే, బండలు పరిచాక నేల రెండు మూడు అంగుళాలు పైకొచ్చి వంటగది ప్లగ్గు గ్రానైట్ అంచుకు తగులుతుంది. ఈ ఒక్క తప్పుకే గోడలు మళ్లీ కొట్టించుకునేవాళ్లు చాలామంది.

ఆ పూట అయ్యేసరికి అన్ని గదులూ తేలిపోయి, ఇంట్లోవాళ్లంతా ఒప్పుకుంటే మీకు డిజైనర్ అక్కర్లేదు. ఫోటోలు తీసి, ప్రతి గోడకూ ఒక కాగితం మీద కొలతలు రాసుకుని ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వండి. రెండు మూడు గదులు ఎంతకీ కుదరకపోయినా, మెట్ల కిందా పూజగది దగ్గరా వాస్తుకూ వాడకానికీ పొత్తు కుదరకపోయినా డిజైనర్ కావాలి. ఆగ్నేయంలో వంటగది, తూర్పుముఖంగా పొయ్యి అని ముందే ఖరారైన ప్లానులో సింకు, ఫ్రిజ్, కిటికీ ఇమడ్చడం అంత తేలికైన పని కాదు. అక్కడ అనుభవం ఉన్న బుర్రకు డబ్బివ్వడం దండగ కాదు.

బండల గూళ్లు ఉంటే లెక్కే మారిపోతుంది

మన వైపు ఇళ్లలో ఒక సౌకర్యం ఉంది, దాన్ని బయటి డిజైనర్లు తరచుగా పట్టించుకోరు. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నుంచి బండ నేరుగా వస్తుంది. బేల్దారి మేస్త్రీ గోడ కట్టేటప్పుడే కడప బండతో గూళ్లు, అటకలు, వంటగది అరలు పెట్టేస్తాడు. అలాంటి గూడు ఉన్నచోట బీరువా అంటే ముందు తలుపులు మాత్రమే.

తేడా ఎంతో లెక్కేసి చూడండి. 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు, నిలువుగా మూడు భాగాలుగా ఉండే బీరువా అనుకుందాం. మొత్తం ప్లైవుడ్‌తో చేస్తే నాలుగు నిలువు పలకలు 56 చదరపు అడుగులు, పైన కింద 28, తొమ్మిది అడ్డ పలకలు 40, రెండు సొరుగులు 15, తలుపులు 49. మొత్తం 188. ఒక షీటు 8×4, అంటే 32 చదరపు అడుగులు. కోతలో పోయేది కలుపుకుంటే 18 మి.మీ. ప్లై 7 షీట్లు, వెనక్కి 6 మి.మీ. ప్లై 2 షీట్లు పడతాయి. అదే బండల గూడుకు 14 అంగుళాల వెడల్పున్న ఆరు తలుపులు చాలు. ఒక షీటు వెడల్పులో మూడు తలుపులు వస్తాయి కాబట్టి 2 షీట్లతో అయిపోతుంది. దానికి కబ్జాలు (తలుపు తిరిగే మడతబందులు) బిగించడానికి గూడు అంచున చెక్క ఫ్రేము ఒకటి అదనం. చెదలకు కూడా తినడానికి లోపల ఏమీ దొరకదు.

ఈ పనికి డిజైనర్ అవసరం లేదు, కానీ రెండు జాగ్రత్తలు కావాలి. 7 అడుగుల తలుపుకు నాలుగు కబ్జాలు వేయించండి, మూడు వేస్తే ఏడాదికే జారుతుంది. తలుపుకు బయట 1 మి.మీ. లామినేట్ అంటించినప్పుడు లోపల కూడా 0.8 మి.మీ.ది అంటించాలి. ఒకవైపే అంటిస్తే ఎండాకాలంలో తలుపు విల్లులా వంగుతుంది, ఇక ఏ కబ్జా తిప్పినా మూతపడదు. బండ అర 3 అడుగులు దాటితే మధ్యలో ఆధారం పెట్టించండి.

ఇంకో మాట. వంట గట్టు మీదికి మాత్రం గ్రానైటే వేయించండి. కడప బండ, నాపరాయి రెండూ సున్నపురాళ్లే. నిమ్మకాయ, చింతపండు పులుపు పడితే మెరుపు పోయి తెల్లటి మచ్చ నిలిచిపోతుంది.

డిజైనర్ మన ఇంటిని ఎరుగునా?

డిజైనర్ కావాలని తేలాక మొదట పరీక్షించాల్సింది ఇదే. అనంతపురం వాళ్లు బెంగళూరు, కర్నూలు వాళ్లు హైదరాబాదు వైపు చూడటం మామూలు. రెండూ ఇంచుమించు 200 కిలోమీటర్ల దూరం. వాళ్ల బొమ్మలు అందంగానే ఉంటాయి, కానీ ఈ కింది సంగతులు అడగండి. జవాబులు చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి.

వంట గట్టు ఎత్తు ఎంత పెడతారు? మాడ్యులర్ కంపెనీల క్యాటలాగు ఎత్తు 34 నుంచి 36 అంగుళాలు. కూరగాయలు తరగడానికి బాగుంటుంది. రాగి సంకటి గెలకడానికి బాగుండదు. పొయ్యి, దాని మీద లోతైన గిన్నె, ఆ గిన్నెలో తెడ్డు కలిసేసరికి చెయ్యి భుజం ఎత్తుకు వెళ్తుంది, బలం పట్టదు. వంట చేసేవారు నిలబడి మోచెయ్యి మడిస్తే నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేస్తే గట్టు ఎత్తు వస్తుంది. పొయ్యి పెట్టే భాగం ఇంకో 2 అంగుళాలు తగ్గించినా మంచిదే. ఇది అడగకుండానే బొమ్మ గీసిన డిజైనర్ మీ వంటగదికి పనికిరారు.

బియ్యం మూట ఎక్కడ పెట్టాలి? ఏడాది గింజలు, మిరపకాయలు, శెనక్కాయలు, 15 కిలోల నూనె డబ్బా ఉండే ఇల్లు మనది. సొరుగు జారడానికి బిగించే సాధారణ టెలిస్కోపిక్ చానల్ జత మోసేది 35 నుంచి 45 కిలోలే. దాన్లో మూట పెట్టి లాగితే బాల్ బేరింగులు రాలతాయి. గట్టు కింద ఒక మూల సొరుగు లేకుండా బండ అరగా వదలమనండి, లేదా స్టోర్ రూములో పెట్టించండి.

బోరు నీళ్లకు ఏ కుళాయిలు? అనంతపురం వైపు ఉప్పు నీళ్లకు నల్ల రంగు మ్యాట్ కుళాయిలు మూడు నెలల్లో తెల్లబడతాయి. షవర్ దగ్గర గాజు పలక పెడితే రోజూ తుడవాలి. నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించే డైవర్టర్‌ను గోడలో దాస్తే, అది ఉప్పు పట్టి బిగుసుకుంటే టైల్ పగలగొట్టాల్సిందే. బయటికి కనబడే క్రోమ్ వాల్ మిక్సర్ పెట్టుకుంటే పానాతో విప్పి శుభ్రం చేసుకోవచ్చు.

గోడలకు పగుళ్లు వస్తే? కర్నూలు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి మీద కట్టిన ఇంట్లో నేల తడిసి ఉబ్బి, ఎండి కుంగుతుంది. అందువల్ల గోడలకు సన్నటి చీలికలు కనబడతాయి. ఆ గోడల మీద వెంటనే వాల్‌పేపరు, టెక్స్చర్ పెయింటు, పెద్ద ప్యానెళ్లు వేయించాలన్న డిజైనర్‌ను ఆపండి. ఒక వానకాలం సాదా రంగుతో ఉండనివ్వండి.

పడమటి గోడ సంగతేంటి? మే నెల ఎండంతా తాగిన గోడ రాత్రి పొద్దుపోయేదాకా వేడి వదులుతుంది. దానికి తల ఆనించి మంచం వేస్తే నిద్రపట్టదు. ఆ గోడకు బీరువా పెడితే వేడిని కొంత ఆపుతుంది. పై అంతస్తులో ఫాల్స్ సీలింగు వేయాలంటే మిద్దె మీద లీకు లేదని ముందు తేల్చుకోవాలి. నీళ్లు నిలగట్టి రెండు మూడు రోజులు చూడాలి. కింద సీలింగు కప్పేశాక లీకు ఎక్కడుందో కనబడదు, జిప్సం తడిసి కూలేదాకా తెలియదు.

ఫీజు లెక్క ఎలా చదవాలి

డిజైనర్లు డబ్బు తీసుకునే తీరు మూడు రకాలు. చదరపు అడుగుకు ఇంత అని డ్రాయింగులకు తీసుకోవడం ఒకటి. మొత్తం పని విలువలో శాతం తీసుకోవడం రెండోది. సామాను, కూలీ అన్నీ కలిపి తామే చేసి ఇవ్వడం మూడోది, దీన్నే టర్న్‌కీ అంటారు.

శాతం పద్ధతిలో ఖర్చు పెరిగితే ఫీజూ పెరుగుతుంది, కాబట్టి మొదటే ఒక పైపరిమితి రాయించుకోండి. ఉదాహరణకు 8 లక్షల పనికి 10 శాతం అంటే 80 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 14,400 కలిపి 94,400. ఈ అంకెను మీ పని పక్కన పెట్టి చూడండి. రెండు బీరువాలు, ఒక వంటగది మాత్రమే ఉన్న ఇంటికి అంత ఫీజు ఎక్కువ. అదే డబ్బుతో మంచి ప్లై, మంచి కబ్జాలు వస్తాయి. మూడు బెడ్‌రూములు, డూప్లెక్సు, సీలింగు, మాడ్యులర్ వంటగది కలిపి ఐదారుగురు పనివాళ్ల బృందాలు ఒకరి తర్వాత ఒకరు దిగే ఇంటికి అది న్యాయమైన ఖర్చే.

టర్న్‌కీలో ఫీజు ఉచితమని చెబుతారు. ఆ ఫీజు ప్లై ధరలోనో, షాపు ఇచ్చే కమీషన్‌లోనో కలిసే ఉంటుంది. అది తప్పు అనను, దాచడం తప్పు. సామానుకు, కూలీకి, డిజైనుకు విడివిడిగా రాసిమ్మనండి. రాయనన్నవాళ్లతో పోల్చి చూసుకోవడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

చదరపు అడుగు రేటు చెప్పినప్పుడు ఏ కొలత మీదో అడగాలి. ముందు ముఖం కొలతా, లేక లోపలి పలకలన్నీ కలిపా? అటక విడిగా లెక్కేస్తారా? పైన చెప్పిన బీరువా ముందు ముఖం 49 చదరపు అడుగులు, లోపలి పలకలన్నీ విప్పి కొలిస్తే 188. ఒకరు మొదటి లెక్కన, ఇంకొకరు రెండో లెక్కన రేటు చెబితే తక్కువ రేటు వినబడ్డదే చివరికి ఖరీదు కావచ్చు.

ప్లై గ్రేడు పేరుతోనూ గందరగోళం జరుగుతుంది. సింకు కిందకి, బాత్రూము గోడకు ఆనే బీరువాకు ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై అని రాయించండి. మిగతా పొడి గదులకు ఐఎస్ 303 చాలు. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో తెలుస్తుంది. సింకు కింద పార్టికల్ బోర్డు ఎవరు చెప్పినా వద్దు. ఒక్కసారి పైపు కారితే ఉబ్బి బిస్కెట్టులా విరుగుతుంది.

ఎవరిని, ఎంతవరకు

ఆర్కిటెక్ట్ అని పిలిపించుకోవడానికి 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్ అనే పేరుకు అలాంటి నిబంధన లేదు, బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకే చేసిన పనిని చూసే నమ్మాలి. గృహప్రవేశం రోజు ఫోటోలు చూడకండి. రెండేళ్ల కిందట చేసిన ఇల్లు చూపించమనండి. అక్కడ సింకు కింద తలుపు తెరిచి వాసన, ఉబ్బు చూడండి. లామినేట్ అంచుపట్టీ గోటికి ఊడి వస్తుందా, పొడవు తలుపులు సమంగా మూతపడుతున్నాయా చూడండి. ఇంటివాళ్లను ఒక్కటే అడగండి: పిలిస్తే వచ్చి బాగుచేశారా?

చాలా ఇళ్లకు మా సలహా మధ్యదారి. డిజైనర్‌తో డ్రాయింగులు మాత్రం గీయించుకుని, పని మీ ఊరి వడ్రంగితో చేయించుకోండి. అప్పుడు డ్రాయింగులు పూర్తిగా ఉండాలి. సామాను అమరిక, నేల నుంచి ఎత్తులు రాసిన కరెంటు ప్లాను, నీళ్ల పైపుల ప్లాను, వంటగది నాలుగు గోడలూ ఎదురుగా నిలబడి చూస్తే ఎలా ఉంటాయో చూపే బొమ్మలు, ప్రతి బీరువా లోపలి అరల కొలతలు, ఏ చోట ఏ ప్లై ఏ మందం అన్న పట్టిక, సీలింగు ఉంటే దాని ప్లాను. రంగుల త్రీడీ బొమ్మ డ్రాయింగు కాదు. దాన్ని చూసి ఆచారి రంపం పెట్టలేడు. ఒప్పందంలో సైటుకు ఎన్నిసార్లు వస్తారో కూడా రాయించండి. కనీసం గోడల మీద పాయింట్లు గుర్తుపెట్టే రోజు, ప్లాస్టరింగ్ ముందు, వడ్రంగి కోత మొదలుపెట్టే రోజు రావాలి.

కువైట్‌లోనో బెంగళూరులోనో ఉండి కడపలో ఇల్లు కట్టిస్తున్నవారి సంగతి వేరు. వాళ్లకు డిజైను కన్నా రోజూ సైటులో నిలబడే మనిషి ముఖ్యం. డిజైనర్ ఫీజులో ఆ పర్యవేక్షణ లేకపోతే విడిగా సైటు ఇంజినీరును పెట్టుకోండి, రోజుకు నాలుగు ఫోటోలు పంపడం ఆయన పనిలో భాగమని ముందే చెప్పండి.

పని దిగాక వరస తప్పకూడదు

నీళ్లు పట్టడం ఆపాక ప్లాస్టరింగ్ గోడకు నెల నుంచి నెలన్నర ఆరే గడువు ఇవ్వండి. తడి గోడకు ఆనించిన ప్లై వెనక బూజు పడుతుంది. ముహూర్తం తొందరలో తరచుగా తప్పేది ఇక్కడే. ముహూర్తానికి వంటగది ఒక్కటి సిద్ధం చేసి పాలు పొంగించుకుని, బీరువాలు తర్వాత చేయించుకున్నా ఏ లోటూ లేదు. తలుపులకు వేప, టేకు చెక్క వాడితే బాగా ఆరినదే కొనాలి, లేకుంటే ఏప్రిల్‌లో కుంచించుకుని సందులు తేలతాయి.

టైల్స్ మీద సిమెంటు మరకలకు యాసిడ్ వేసి కడగడం వడ్రంగి దిగకముందే అయిపోవాలి. యాసిడ్ ఆవిరికి కబ్జాలు, చానళ్లు వారంలో తుప్పు పడతాయి. నాపబండల నేల మీద యాసిడ్ అసలు వేయనివ్వకండి, పాలిష్ కాలిపోతుంది. ఫ్యాక్టరీలో చేయించే మాడ్యులర్ వంటగదికి కొలతలు టైల్స్ అంటించాకే తీయించండి. గోడను కింద, మధ్యలో, పైన మూడుచోట్ల కొలవాలి. అరంగుళం తేడా ఉన్నా వంటగది అరల డబ్బా గోడకు ఆనదు.

డబ్బు పనితో పాటే నడవాలి. అడ్వాన్సు 10 శాతం, ప్లై సైటుకు వచ్చి మీరు గుర్తు చూసుకున్నాక 40, బీరువా డబ్బాలు నిలబెట్టాక 25, తలుపులు బిగించాక 15. మిగిలిన 10 శాతం 45 రోజులు మీ దగ్గరే ఉంచుకోండి. అది ఇచ్చే రోజు సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, కింద పొడి గుడ్డతో పైపు కీళ్లన్నీ తుడిచి చూడండి. ప్రతి తలుపూ పదిసార్లు తెరిచి మూయండి. ఏసీ ఒక గంట నడిపి, దాని నీళ్లు బయటికే పోతున్నాయో, గోడ వెంట దిగుతున్నాయో చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే చెక్కు రాయండి.